గడప దాటిన నాలుగు బూట్లు

అక్టోబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం మా కుక్క బూట్లు వేసుకుని ఇంట్లోకి వచ్చింది. నాలుగు కాళ్ళకు నాలుగు ఎర్ర రబ్బరు బూట్లు. చూడ్డానికి గాలి పోయిన బెలూన్లలా ఉంటాయి. గరాజ్ తలుపు దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కటే ఊడదీద్దామని నేను వంగాను. సరిగ్గా అప్పుడే లోపల మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. శుక్రవారం కొబ్బరిలో ఒక చిన్న ముక్క తనదని మా కుక్కకు తెలుసు. తాడుతో సహా నా చేతిలోంచి జారిపోయి, టపటపమని చప్పుడు చేసుకుంటూ హాలు దాటి, సోఫాను చుట్టి, వెళ్ళి దేవుడి అల్మారా ముందు ఆగింది.

మా ఇంట్లో గడప దాటి చెప్పులు రావు. ఇల్లు కొనేముందు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి చేత కూడా మా ఆవిడ బూట్లు విప్పించింది. అప్పటికి ఆ ఇల్లు ఇంకా మాది కాదు. ఒకసారి పోపు పొగకు అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. మంటలేమీ లేవని వాళ్ళు చెప్పినప్పుడు ఆమె ముఖంలో సంతోషం కంటే, అంతంత బూట్లతో వాళ్ళు తొక్కిన నేల తాలూకు బాధే ఎక్కువగా కనిపించింది.

అందుకని ఆ సాయంత్రం నేను వట్టి కాళ్ళతో గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఆవిడ కుక్క వంక చూసింది. కుక్క కొబ్బరి చిప్ప వంక చూసింది.

“ఇప్పుడు లాగకండి,” అంది మా ఆవిడ నాతో. “వేళ్ళ దగ్గర నొప్పి పుడుతుంది. ముందు దాన్ని తిననివ్వండి.”

తర్వాత హారతి ఇచ్చింది. బూట్లతోనే కూర్చుని కుక్క కొబ్బరి నమిలింది. ఇప్పుడు లాగకండి అన్న ఆ మాట మా ఆవిడ నోట రావడానికి ముందు ఒక వసంతం, ఒక వేసవి, సగం శ్రావణ మాసం, ఒక పశువైద్యురాలు అవసరమయ్యారు.

కుక్క మా అమ్మాయిది. హైస్కూల్లో ఉండగా పట్టుబట్టి షెల్టర్ నుంచి తెచ్చుకుంది. మీగడ రంగు, వేలాడే చెవులు, ఏ జాతో షెల్టర్ వాళ్ళకే తెలియదు. తర్వాత అమ్మాయి వేరే ఊళ్ళో కాలేజీకి వెళ్ళింది. అక్కడి హాస్టల్లో కుక్కలను ఉండనివ్వరు. అలా అది నా వాటాకు వచ్చింది.

నేనొకప్పుడు హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కు మీద పనిచేసేవాణ్ణి. మా ఆవిడ ఉద్యోగం మీద అమెరికా వచ్చాం. చివరికి టెక్సస్‌లో ఫ్రిస్కోలో స్థిరపడ్డాం. ఆమె కంప్యూటర్ ముందు మేడ మీద, నేను అనువాదాలూ దిద్దుబాట్లూ చేసుకుంటూ కింద. డెస్కు అంటే నలుగురూ ఒకేసారి మాట్లాడే చోటు. ఎవరో టీ తెస్తారు, ఎవరో వార్త తెస్తారు, ఎవరో ఇద్దరు ఒక శీర్షిక కోసం పోట్లాడుకుంటారు. అక్కణ్ణుంచి వచ్చిన మనిషికి ఇక్కడి వీధి పెద్ద శిక్ష. ఇళ్ళు బావుంటాయి, చెట్లు బావుంటాయి, సైడ్‌వాక్ మీద మనిషి ఉండడు. కుక్క రాకముందు నేను ఒంటరిగా నడుస్తుంటే ఎదురొచ్చిన వాళ్ళు మర్యాదగా నవ్వి వెళ్ళిపోయేవారు. కార్లు నా పక్కకు వచ్చేసరికి కొంచెం నెమ్మదించేవి.

కుక్క వచ్చాక వీధి మారిపోయింది. నవ్వి వెళ్ళిపోయినవాళ్ళే ఆగి వంగి దాని చెవులు నిమిరారు. వంగినవాళ్ళు లేచేటప్పుడు నాతో కూడా రెండు మాటలు మాట్లాడక తప్పదు. ఎవరి ఇల్లు అమ్మకానికి పెట్టారు, ఎవరి మోకాలికి ఆపరేషన్, ఎవరి ఉద్యోగం ఊడింది, అన్నీ అలాగే తెలిశాయి. రోజుకు రెండు నడకలు. పొద్దుటి ఎడిషన్, సాయంత్రం ఎడిషన్. ఇప్పటికీ ఆ వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు. కుక్క పేరు మాత్రం అందరికీ తెలుసు. నన్ను దాని నాన్న అంటారు.

కాబట్టి ఆ కుక్క కాళ్ళ మీద నా ప్రపంచం కూడా కొంత నిలబడి ఉంది.

మార్చి చివర్లో ఓక్ చెట్లు పుప్పొడి రాల్చడం మొదలుపెట్టాయి. ఇక్కడ ఆ రోజుల్లో కార్లన్నీ ఆకుపచ్చ పొడి చల్లినట్టుంటాయి. వేలితో పేరు రాయొచ్చు. మనుషులు తుమ్ముతారు. మా కుక్క తుమ్మలేదు, కాళ్ళు నాకడం మొదలుపెట్టింది. ముందు పడుకునే ముందు కాసేపు. తర్వాత అన్నం తిన్నాక. ఆ తర్వాత అన్ని వేళలా. మా ఆవిడ ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు బల్ల కింద చేరి చప్ చప్ మని నాకేది. ఒకరోజు ఆమె మేనేజర్, మీరు భోజనం చేస్తున్నట్టున్నారు, కావాలంటే తర్వాత మాట్లాడుకుందాం అన్నారట. నేను కాదు కుక్క అని చెబితే నమ్మరేమోనని, అవునండీ లేటయింది అని చెప్పేసిందామె.

నాకీ నాకీ మీగడ రంగు కాళ్ళు తుప్పు రంగుకు తిరిగాయి. అమ్మాయికి ఫోన్‌లో చూపిస్తే ఎలర్జీ అయ్యుంటుంది, వెట్‌కి చూపించమంది. వేసవి వస్తే అదే పోతుందని మేము అనుకున్నాం. పుప్పొడి అయితే తగ్గింది. నాకడం తగ్గలేదు. ఓక్ తర్వాత గడ్డి పూత పట్టిందని మాకు తెలియదు.

జూలైలో ఒక ఆదివారం మా ఆవిడ వంటింట్లో నిలబడి గాలి పీల్చింది. పిండి పులిసి పొంగిపోయినట్టుంది, చూడండి అంది. ఫ్రిజ్ తెరిచాను. ఇడ్లీ పిండి బుద్ధిగా గిన్నెలో ఉంది. ఆమెకు నమ్మకం కలగలేదు. అవెన్ తెరిచింది. చలికాలంలో పిండి పులవడానికి అందులో లైటు వేసి గిన్నె పెట్టి మరిచిపోవడం మా ఇంట్లో ఉన్నదే. అవెన్ ఖాళీ. సింకు కింద చూసింది, చెత్తబుట్ట మూత తీసింది. చివరికి వాసన వెంట వంగి వంగి వెళ్ళి, బల్ల కింద పడుకున్న కుక్క ముందు కాలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అది మర్యాదగా రెండో కాలు కూడా ఇచ్చింది.

అప్పుడు మొదలైంది మా వైద్యం.

బయటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాకూడదన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళం ఇద్దరమూ. అమెరికాలో గుమ్మం దగ్గర నీళ్ళ తొట్టి పెట్టుకోలేం కాబట్టి చెప్పులు విప్పడంతో సరిపెట్టుకున్నాం. ఇప్పుడు కుక్క మిషతో ఆ ఆచారం పూర్తి స్థాయిలో మళ్ళీ వచ్చింది. గరాజ్‌లో ఒక బకెట్, ఒక మగ్గు, గోరువెచ్చని నీళ్ళు, అందులో చారెడు పసుపు. నడక నుంచి రాగానే నేను దాని కాళ్ళ మీద ఒక్కొక్క మగ్గు పోసేవాణ్ణి. కాళ్ళు విదిల్చి, తడి తడిగా, చాలా పవిత్రంగా లోపలికి నడిచేది. మా ఆవిడకు తృప్తి. నాకు తృప్తి. నీళ్ళంటే పెద్దగా ఇష్టం లేకపోయినా కుక్క కూడా పాపం సర్దుకుపోయింది.

తగ్గకపోయేసరికి మా ఆవిడ మోతాదు పెంచింది. పొద్దున, సాయంత్రం కడగడమే కాక, పసుపులో కొబ్బరి నూనె కలిపి వేళ్ళ మధ్య పూసింది. కొబ్బరి నూనె దాని దృష్టిలో మందు కాదు, నైవేద్యం. ఇంకా ఇష్టంగా నాకింది.

శ్రావణ శుక్రవారం పేరంటానికి ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. అప్పటికే మా కుక్క గుమ్మం నుంచి సోఫా దాకా, సోఫా నుంచి దేవుడి అల్మారా దాకా పచ్చటి అడుగులు వేసి ఉంది. లేత రంగు టైల్స్ మీద చక్కగా కనిపిస్తున్నాయి. వచ్చినవాళ్ళలో ఒకావిడ లక్ష్మీదేవి పాదాలనుకుని, ఎంత చిన్నగా, ముద్దుగా వేశారండీ, అచ్చు ఎక్కడ కొన్నారు అని అడిగింది. మా ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి నిజం చెప్పింది. పేరంటాళ్ళకు పసుపు రాస్తుంటే కుక్క కూడా వరసలో వచ్చి కూర్చుంది. కాళ్ళకు పసుపు రాయించుకోవడం దానికి అప్పటికే అలవాటు.

“ఇంకేం వదినా, దానికీ ఓ జాకెట్టు ముక్క పెట్టండి,” అంది ఆ అచ్చు అడిగిన ఆవిడే.

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. కానీ పసుపు రాద్దామని పట్టుకున్న కుక్క కాలును వెంటనే వదిలేసింది. నొక్కినప్పుడు కుక్క కుయ్యిమంది. వేళ్ళ మధ్య చర్మం ఉబ్బి, ఎర్రగా, జిగటగా ఉంది. పసుపు పూతలోంచి కూడా కనిపించే ఎరుపు అది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు నడకలో కుంటడం మొదలైంది. మూలమలుపు దగ్గరే కూర్చుండిపోయి నా వంక చూసింది. ఎత్తుకుని తీసుకొచ్చాను. ఎత్తుకోవడానికి తయారైన కుక్క కాదది. నేనూ ఎత్తడానికి తయారైన మనిషిని కాదు. ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్‌లో కాళ్ళు చూపించమంది. చూసింది.

“నాన్నా, ఇది రేపు వెట్‌కి వెళ్ళాలి. రేపు,” అంది. “అమ్మ పసుపు పెట్టొద్దు. ప్లీజ్. ఇంకేం పెట్టొద్దు.”

అమ్మాయి తెలుగు ఎప్పుడూ అలాగే, విభక్తులు విడిచిపెట్టి ముక్కలుగా వస్తుంది. ఆ రోజు ఆ ముక్కల్లో అనవసరమైనది ఒక్కటీ లేదు.

పశువైద్యురాలు చిన్న వయసు అమెరికన్. ముందు కాళ్ళు చూసి, పసుపు రంగు చూసి, కామెర్లేమోనని కళ్ళు, చిగుళ్ళు కూడా చూసింది. మేము సంగతి చెప్పాక నవ్వు ఆపుకుంది. వేళ్ళ మధ్య ఒక టేపు ముక్క అంటించి, తీసి, పక్క గదిలో మైక్రోస్కోప్ కింద పెట్టి వచ్చింది. ఈస్ట్ అనే బూజు ఉంది, బ్యాక్టీరియా కూడా ఉంది అని చెప్పింది. అసలు కారణం ఎలర్జీ. దురద పుడితే నాకుతుంది, నాకితే చర్మం నానుతుంది, నానిన చోట ఇవి పెరుగుతాయి.

నడక నుంచి వచ్చాక కాళ్ళు శుభ్రం చేస్తున్నారా అని అడిగింది. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. మా వైపు బయటి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి అడుగుపెట్టరనీ, కుక్కకు కూడా అదే నేర్పామనీ, రోజుకు రెండుసార్లు క్రమం తప్పకుండా కడుగుతామనీ కొంత విస్తారంగానే చెప్పాను. చాలా మంచి అలవాటు, ఎక్కువ మంది చెయ్యరు అని మెచ్చుకుంది. నేను మా ఆవిడ వంక చూశాను. మా ఆవిడ నా వంక చూసింది. తర్వాత డాక్టరమ్మ, మరి ఎలా ఆరబెడతారు అని అడిగింది.

అదే ఆరిపోతుంది అన్నాను.

ఆ డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని, కుక్క కాలి వేళ్ళు రెండు విడదీసి, మధ్యలోకి మమ్మల్ని తొంగిచూడమంది. మన వేళ్ళ మధ్య గాలి ఆడుతుంది. దాని వేళ్ళ మధ్య దట్టంగా బొచ్చు, మడత. ఒకసారి తడిస్తే గంటల తరబడి తడిగానే ఉంటుంది. కడగడం మంచిదే. తుడవకపోతే మాత్రం కడగకపోవడమే మేలని ఆమె చాలా సున్నితంగా, మా దేశం మనసు నొప్పించకుండా చెప్పింది.

మాత్రలు, మందు షాంపూ, తుడిచే మందు గుడ్డలు, నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ కోన్. మూడు వారాలు నడక బంద్. పెరట్లో ఒంటికి, రెంటికి తప్ప గడ్డి మీద కాలు పెట్టకూడదు. మళ్ళీ చూసేసరికి ఇన్‌ఫెక్షన్ లోపలికి దిగినట్టు కనిపిస్తే చలికాలం దాటేదాకా మందులు వాడాలి, చలికాలం దాటేదాకా నడకా ఉండదని కూడా చెప్పింది.

ఇంటికి వచ్చేటప్పుడు కార్లో మా ఆవిడ కుక్క కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్రీవే దిగాక అంది.

“తడి, వెచ్చదనం. రెండూ నేనే ఇచ్చాను. అంటే ఇన్నాళ్ళూ దాని వేళ్ళ మధ్య పిండి పులియబెట్టానన్న మాట.”

నీళ్ళు పోసింది నేనే కదా అన్నాను. ఆమె దానికి ఒప్పుకుని కొంత తేరుకుంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఆరబెట్టే శాఖ ప్రారంభమైంది. బకెట్, మగ్గు మాయమయ్యాయి. నా పాత పంచెలు రెండు చింపి తుండుగుడ్డలు చేసింది. మందు గుడ్డతో తుడవడం, తర్వాత పంచె ముక్కతో ఒక్కొక్క వేలి సందూ అద్దడం, ఆ పైన హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి ఆరబెట్టడం. తన జుట్టుకు కూడా ఆమె అంత టైమ్ ఇవ్వదు. ఆ ఊపులో ఒకరోజు స్నానం చేసి వస్తున్న నన్ను కూడా ఆపి, మీ వేళ్ళ మధ్య తుడుచుకున్నారా అని అడిగింది. అప్పటి నుంచి నేను కూడా తుడుచుకుంటున్నాను.

ఇక నా సంగతి. కుక్కకు నడక లేదు, నాకు అలవాటు పోలేదు. పైగా పాత వృత్తి బుద్ధి. ఏ గడ్డి మా కుక్కను పట్టుకుందో కనుక్కోవాలనిపించింది. మేము రోజూ తిరిగే దారిలో ఎన్ని రకాల గడ్డి ఉంది, ఏ లాన్‌కు మందు కొట్టినట్టు చిన్న జెండా గుచ్చారు, ఎక్కడ కలుపు పూస్తోంది అని పరిశీలిస్తూ సాయంత్రాలు ఒక్కణ్ణే బయలుదేరాను. చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా నడిచేవాణ్ణి. అక్కడక్కడా వంగి ఒక పోచ తుంచి చూసేవాణ్ణి.

నాలుగైదు రోజుల తర్వాత మా కమ్యూనిటీ ఆన్‌లైన్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఎవరింటి కాలింగ్ బెల్ కెమెరానో తీసింది. ఒక లాన్ అంచున నేను వంగి ఉన్నాను. ఈ మనిషి ఎవరికైనా తెలుసా, నెమ్మదిగా నడుస్తూ ఇళ్ళ ముందు ఆగి గడ్డిని ముట్టుకుంటున్నాడు అని కింద రాశారు. డెస్కు మీద పనిచేసిన వాడిగా ఆ వాక్యం రెండుసార్లు చదివాను. అతిశయోక్తి లేదు, ఆరోపణ లేదు, చూసిందే రాశారు. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి. నీళ్ళ శాఖ మనిషేమో అన్నారొకరు. ఇళ్ళు కొనడానికి చూస్తున్నాడేమో అన్నారింకొకరు. మూడో ఆవిడ అసలు విషయం పట్టుకుంది. ఈయన ఫలానా కుక్క నాన్న కదా, కుక్క ఏది, దానికేమైంది అని రాసింది. అంతే, నా గురించి అనుమానం మొత్తం కుక్క గురించి బెంగగా మారిపోయింది. బొమ్మలు, హృదయాలు, ప్రార్థనలు. ఎవరో గుమ్మం ముందు బిస్కెట్ల సంచీ పెట్టి వెళ్ళారు. నా ఆరోగ్యం గురించి అడిగినవాళ్ళు లేరు.

రెండు వీధుల అవతల ఉండే వరంగల్ అబ్బాయి మాత్రం ఫొటో చూసి నేరుగా ఇంటికే వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు, ఒక నల్ల లాబ్రడార్‌ను పెంచుతాడు, సాయంత్రం ఎడిషన్‌లో నాకు ముఖ్యమైన విలేకరి.

“అన్నా, కుక్క ఉంటే నువ్వు వాకింగ్ చేస్తున్నట్టు కనిపిస్తవ్,” అన్నాడు. “కుక్క లేకుంటే రెక్కీ చేస్తున్నట్టే కనిపిస్తవ్. గంతే తేడా.”

మరి ఏం చెయ్యమంటావు అన్నాను.

“మాదాన్ని పట్టుకపో. నాకూ ఆఫీస్ కాల్స్ ఉంటయ్ ఆ టైమ్‌కి.”

అలా నేను అరువు కుక్కతో బయలుదేరాను. ఆ లాబ్రడార్ నన్ను నడిపించలేదు, లాక్కెళ్ళింది. ఆగి మాట్లాడేవాళ్ళు దాన్ని పలకరించి, మరి మీది ఎలా ఉంది అని అడిగేవారు. ఇంటికొస్తే మాది కోన్‌తో సహా నా ప్యాంటు మొత్తం వాసన చూసి, గోడ వైపు తిరిగి పడుకునేది. అన్నం గిన్నె పెట్టినా తిరిగేది కాదు. రెండో రోజే లాబ్రడార్‌ను తిరిగి అప్పగించేశాను. చివరికి పెరటి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, మా కుక్క పక్కన నేను, ఇద్దరమూ కంచె సందుల్లోంచి వీధిలో వెళ్ళేవాళ్ళను చూస్తూ కూర్చునేవాళ్ళం. ఎవరివో మాటలు దూరంగా వినిపించేవి. అది చెవులు నిక్కించేది. నిజం చెప్పాలంటే నేను కూడా.

చలికాలం అంతా ఇలాగే గడపాల్సి వస్తుందేమోనని నాకు లోపల బెంగగానే ఉండేది. మా ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు. కానీ ఆమె వేలి సందులు అద్దే శ్రద్ధ చూస్తే, చెప్పనక్కర్లేదని అర్థమయ్యేది.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ నాలుగు కాళ్ళకూ టేపు అంటించి పక్క గదిలోకి వెళ్ళింది. డెస్కు మీద ఎన్నో ఎన్నికల ఫలితాల రోజులు చూశాను, అంత నెమ్మదిగా ఏ కౌంటింగూ సాగలేదు. తిరిగొచ్చి, వెనక కాళ్ళు రెండూ బావున్నాయి, ముందు కుడి కాలు బావుంది అంది. ఎడమ ముందు కాలు దగ్గర ఆగింది. చివరి రెండు వేళ్ళ మధ్య ఇంకా కొద్దిగా ఉంది, కానీ లోతుకు దిగలేదు. నడవొచ్చు. అయితే బూట్లు వేసి నడిపించండి, రాగానే తుడవండి. ఆరబెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు అని మా ఆవిడతో అంది. మా ఆవిడ సిగ్గుపడింది. హెయిర్ డ్రయర్ సంగతి నేనే చెప్పాను.

బూట్లు అమ్మాయి పంపించింది. మొదటిసారి వేసినప్పుడు కుక్క నేల మీద జిగురు పూసినట్టు నిలబడిపోయింది. తర్వాత ఒక కాలు ఎత్తి గాల్లో ఆడించింది. ఆ తర్వాత నాలుగు కాళ్ళూ ఒకేసారి ఎత్తే ప్రయత్నం చేసి పక్కకు పడిపోయింది. మా ఆవిడ వీడియో తీసి అమ్మాయికి పంపింది. ఇంట్లో సాధన చేయిద్దామా అన్నాను నేను. కొత్తవే అయినా బూట్లు బూట్లే, ఇంట్లో కుదరదు అంది ఆమె. గరాజ్‌లోంచి కారు బయట పెట్టి, ఆ ఖాళీలో కుక్కకు నడక నేర్పాం. పందెం కోడిలా కాళ్ళు పైకి ఎత్తి ఎత్తి వేసేది.

ఆ శుక్రవారం సాయంత్రం మొదటిసారి వీధి చివరి దాకా వెళ్ళివచ్చాం. నడిచిన దానికంటే ఆగిందే ఎక్కువ. ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు వచ్చి బూట్లు చూసి మురిసిపోయారు. గ్రూపులో నా ఫొటో పెట్టిన ఆయన కూడా బయటికి వచ్చి, ఇబ్బందిగా నవ్వి, కుక్క తల నిమిరి, నా గడ్డిలో ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. ఇంకా దర్యాప్తులో ఉంది అన్నాను. వరంగల్ అబ్బాయి లాబ్రడార్ వచ్చి మాదాని బూట్లన్నీ వాసన చూసి, చివరికి ఎడమ ముందు కాలి దగ్గరే చాలాసేపు నిలబడింది.

ఆ ఊరేగింపు ముగించుకుని ఇంటికి వచ్చాకే, కొబ్బరికాయ చప్పుడు విని మా కుక్క గడప దాటింది.

కొబ్బరి తిన్నాక దాన్ని అక్కడే కూర్చోబెట్టి మా ఆవిడ స్వయంగా బూట్లు తీసింది. పంచె ముక్క తెచ్చి నాలుగు కాళ్ళూ అద్దింది. నేల తర్వాత తుడుస్తాను అంది. ఆ రాత్రి భోజనాల దాకా తుడవలేదు. నేను కూడా గుర్తు చెయ్యలేదు.

ఇప్పుడు రోజూ నడుస్తున్నాం. బూట్లు గరాజ్‌లో తలుపు పక్కన, మా చెప్పుల స్టాండ్ మీద, ఎత్తుగా ఉన్న అరలో ఆరుతుంటాయి. ఆ అర ఇంతకు ముందు నాది. నా చెప్పులు బయట ఉంటున్నాయి.

దర్యాప్తు మాత్రం తేలలేదు. గడ్డో, ఓక్ చెట్టో, ఆగస్టు తర్వాత పూసే రాగ్‌వీడ్ అనే కలుపో, లాన్‌లకు కొట్టే మందో తెలియదు. ఎలర్జీ పరీక్ష చేస్తే కొంత తెలుస్తుంది, అన్నీ తెలుస్తాయని చెప్పలేను అంది డాక్టరమ్మ. ఆ పరీక్ష సెలవులకు తను వచ్చాకే చేయించాలంటోంది అమ్మాయి. ఈలోగా చలిగాలితో పాటు సీడర్ చెట్ల పుప్పొడి కూడా మొదలవుతుందని వీధిలో అందరూ అంటున్నారు. మూడు కాళ్ళ బొచ్చు మళ్ళీ మీగడ రంగుకు వచ్చింది. ఎడమ ముందు కాలి చివరి రెండు వేళ్ళ మధ్య ఇంకా ఎర్రగానే ఉంది.